అద్దం ఎవరి చేతిలో ఉన్నది?



వలిసె చేలు పసుపు పూలతో నిండిన రోజుల్లో మేము అరకు లోయలోని ఒక ఆడపిల్లల వసతి గృహానికి వెళ్లాము. రాత్రి భోజనాలు ముగిశాయి. చలికి దుప్పట్లు కప్పుకొని పిల్లలు మా చుట్టూ చేరారు. వారిలో ఒక అమ్మాయి తన రేకు పెట్టె అడుగు నుండి ఒక పాత నోటు పుస్తకం తీసి చూపించింది. అందులో పేజీ పేజీకీ వారపత్రికల నుండి కత్తిరించి అతికించిన బొమ్మలు ఉన్నాయి. పట్టు పరికిణీలు, చుడీదార్లు, జడగంటలు, సినిమా తారల జుట్టు ముడులు.

"మేమూ ఇలాంటి పుస్తకం ఒకటి చేద్దామనుకుంటున్నామండీ. ఫ్యాషన్ పుస్తకం" అన్నది ఆ అమ్మాయి.

వార్డెనమ్మ నవ్వారు. కూతుర్ని చూడటానికి వచ్చిన ఒక తండ్రి మాత్రం నవ్వలేదు. "చదువుకోమని పంపితే సోకులు నేర్చుకుంటారా?" అన్నాడు.

మేము ఆ పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని, "ఇన్ని బొమ్మల్లో మీలాంటి పిల్ల ఎవరైనా ఉన్నదా? వెతకండి" అని అడిగాము. వారు చాలాసేపు వెతికారు. చివరికి ఒకటి దొరికింది. అది పర్యాటకుల కోసం వేసిన ప్రకటన. కొండ నేపథ్యంలో థింసా ఆడుతున్న స్త్రీల వరుస. ముఖాలు చింతగింజలంత ఉన్నాయి. "వీళ్లు మా ఊరివైపు వాళ్లే అయ్యుంటారు. పేర్లు రాయలేదు" అన్నది ఒక పిల్ల. వెనుక కూర్చున్న మరొక పిల్ల తల వంచుకొని, "మేము నల్లగా ఉంటాం కదండీ. పత్రికలో వెయ్యరు" అన్నది.

ఆ మాట ఇంటికి వచ్చాక కూడా మమ్మల్ని వదలలేదు. తండ్రి భయంలో న్యాయమున్నది. పిల్లల కోరికలోనూ న్యాయమున్నది. రెండింటినీ కలిపి ఆలోచించి, మనము ఈ పత్రికను ఎలా చేయించవచ్చునో ఈ వ్యాసంలో మీ ముందు పెడుతున్నాము. మన కొండ ఊళ్ల బడులలోనూ, సంఘ యౌవనస్థుల కూటాలలోనూ ఇది పనికి వస్తుందని మా ఆశ.

తండ్రి భయం ఉత్తది కాదు

బొమ్మలు పిల్లల మనసు మీద పనిచేస్తాయన్నది కేవలం పెద్దల అనుమానం కాదు. పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో నడ్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. అక్కడి జనం పుష్టిగా ఉండటాన్నే అందమనుకునేవారు. ఆన్ బెకర్ అనే అమెరికా వైద్యురాలు, మానవశాస్త్ర పరిశోధకురాలు, ఆ ఏడాది ఒకసారి, మళ్లీ 1998లో ఒకసారి, అక్కడి బడి ఆడపిల్లలను ప్రశ్నించింది. మొదటిసారి 63 మంది, రెండవసారి 65 మంది. బరువు తగ్గాలని కావాలని వాంతి చేసుకునేవారు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్ల తరువాత నూటికి 11 మంది ఉన్నారు. టెలివిజన్‌లో కనిపించే స్త్రీలలాగా ఉండాలని ఉందని ఆ పిల్లలే చెప్పారు. ఈ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. మార్పుకు టెలివిజన్ ఒక్కటే కారణమని రుజువు కాదు గాని, తేలికగా తీసివేయదగిన సంగతీ కాదు.

మన దేశంలో ముఖాన్ని తెల్లబరచే క్రీముల కథ అందరికీ తెలిసినదే. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారులోకి వచ్చింది. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, పెళ్లి కాదు, తెల్లబడితే అన్నీ వస్తాయి అన్న కథనే ఇలాంటి క్రీముల ప్రకటనలు ఏళ్ల తరబడి చెప్పాయి. నల్లని వారిని తక్కువ చేసి చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరులోని 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది. పేరు మారింది. పేరు మారినంత త్వరగా మనుషుల మనసులు మారతాయా? ఆ రాత్రి తల వంచుకున్న పిల్ల మాటే దానికి జవాబు.

ఇప్పుడు పత్రికల కంటే సెల్‌ఫోన్లే ఎక్కువ. వసతి గృహంలో ఫోను లేకపోయినా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అన్నయ్య ఫోనులో అన్నీ కనిపిస్తాయి. ఫొటో తీయగానే ముఖాన్ని తనంతట తానే తెల్లగా, నున్నగా చేసే ఏర్పాటు వాటిలో ఉన్నది. కాబట్టి పత్రిక ముట్టుకోవద్దు అని చెప్పినంత మాత్రాన బొమ్మలు ఆగవు. ఆ బొమ్మ ఎలా తయారవుతుందో, ఎందుకు తయారవుతుందో తెలిసిన పిల్లను అది అంత సులువుగా మోసగించలేదు. వంట చేసేవారికే కూరలో ఏమి పడిందో తెలుస్తుంది గదా.

పత్రిక వెనుక డబ్బు

పిల్లలకు మొదట నేర్పవలసినది ఒక చిన్న ప్రశ్న: ఈ పేజీకి డబ్బు ఎవరిచ్చారు?

మన తెలుగు పత్రికల చరిత్రలోనే దీనికి చక్కని ఉదాహరణలు ఉన్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. దాని ఆదాయం అండగా 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను స్థాపించారు. స్త్రీల కోసం 1928లో మద్రాసులో గృహలక్ష్మి పత్రికను స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరిగారు ఆయుర్వేద వైద్యులు. స్త్రీల ఔషధం 'లోధ్ర' ఆయనదే. ఆయన రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగి గౌరవించే ఆచారం కూడా పెట్టారు. పత్రిక వెనుక వ్యాపారం ఉన్నంత మాత్రాన అది చెడ్డదని అనలేము. అయితే ఆ వ్యాపారమేదో చదివేవారికి తెలిసి ఉండాలి.

అమెరికాలో 1944 సెప్టెంబరులో 'సెవెంటీన్' అనే పత్రిక మొదలైంది. పదమూడు నుండి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల కోసం వచ్చిన ఫ్యాషన్ పత్రికలలో ఇది పేరు పొందినది. సంపాదకురాలు హెలెన్ వాలెంటైన్. అక్కడ పనిచేసిన ఎస్టెల్ ఎల్లిస్ ఒక పరిశోధన సంస్థ చేత ఆడపిల్లలను, వారి తల్లులను ప్రశ్నలు అడిగించింది. ఎంత డబ్బు చేతికి వస్తుంది? ఏమి కొంటారు? ఎవరి మాట వింటారు? ఆ జవాబులన్నీ కూర్చి 'టీనా' అనే ఒక ఊహా బాలికను తయారుచేశారు. ఆ టీనాను చూపించి, "ఇదిగో మీ కొనుగోలుదారు" అని బట్టల కంపెనీల వారికి, సబ్బుల కంపెనీల వారికి చెప్పారు.

చదువరులారా, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. పాఠకురాలికి ఏమి కావాలో తెలుసుకోవడానికి ప్రశ్న అడగవచ్చు. పాఠకురాలిని అంగడివారికి అప్పగించడానికీ అదే ప్రశ్న అడగవచ్చు. మన పిల్లలు చేసే పరిశోధన మొదటి రకంది కావాలి. వారి పత్రికలో ప్రకటనలు ఉండకూడదని మేము గట్టిగా చెబుతాము.

పిల్లలు చేయగలరా?

చేయగలరు, చేశారు కూడా. అమెరికాలోని డులూత్ పట్టణంలో 1993లో 'న్యూ మూన్' అనే బాలికల పత్రిక వెలువడింది. నాన్సీ గ్రూవర్ అనే తల్లి, తన కుమార్తెలతో కలిసి దానిని మొదలుపెట్టింది. ఎనిమిది నుండి పద్నాలుగేళ్ల బాలికలు సంపాదక వర్గంలో కూర్చొని ఏది వేయాలో నిర్ణయించారు. అందులో ప్రకటనలు లేవు. ఢిల్లీలో వీధుల్లో పనిచేసుకుని బ్రతికే పిల్లలు 2003 నుండి 'బాలక్‌నామా' అనే పత్రికకు వార్తలు సేకరించారు. మన రాష్ట్రంలోనే 2001లో చిత్తూరు జిల్లా పొదుపు సంఘాల స్త్రీలు 'నవోదయం' పత్రిక నడిపారు. పల్లెటూరి స్త్రీలే విలేఖరులై వార్తలు వ్రాశారు.

2012లో అమెరికాలో 14 ఏళ్ల అమ్మాయి ఒకరు ఆ 'సెవెంటీన్' పత్రికకే ఒక విన్నపం పెట్టింది. నెలకు ఒక్కసారైనా కంప్యూటర్‌తో మార్చని ఫొటోలు వేయండి అన్నది ఆమె కోరిక. 80 వేల మందికి పైగా సంతకాలు చేశారు. బాలికల ముఖాల, శరీరాల ఆకారం మార్చబోమని ఆ పత్రిక మాట ఇవ్వవలసి వచ్చింది. పెద్ద పత్రిక చేత మాట ఇప్పించినది ఒక బడిపిల్ల అడిగిన ప్రశ్న.

మన బడుల్లో లిఖిత పత్రికలు, గోడ పత్రికలు ఎప్పటినుండో ఉన్నాయి. కనుక ఇది మనకు కొత్త పని కాదు, మరచిన పని. ఇక ఎలా చేయాలో వరుసగా చెప్పుకుందాము.

మొదటి మెట్టు: చూడటం

పాత పత్రికలు నాలుగైదు పోగుచేయండి. వేరువేరు పత్రికలైతే మంచిది. పిల్లలను నలుగురేసి జట్లు చేయండి. ప్రతి జట్టూ ఒక కాగితం మీద గడులు గీసి లెక్క వేయాలి. మొత్తం పేజీలెన్ని? ప్రకటనలు ఎన్ని? బొమ్మలో ఉన్నవారి వయస్సు ఎంత ఉండవచ్చు? రంగు తెలుపా, చామనచాయా, నలుపా? వారు ఏదైనా పని చేస్తున్నారా, ఊరకే నిలబడి ఉన్నారా? కొండ మనిషి కనిపించాడా, కనిపిస్తే ఏ పనిలో? బట్టల ధర వ్రాసి ఉన్నదా? అయిదు గీతలకు ఒక అడ్డగీత చొప్పున లెక్కిస్తే పొరపాటు రాదు.

ఒకే పత్రికను రెండు జట్లకు విడివిడిగా ఇచ్చి చూడండి. లెక్కలు కలవకపోతే పోట్లాడుకోనివ్వండి. "ఈమె చామనచాయే" అని ఒకరు, "కాదు, తెలుపే" అని ఒకరు అంటారు. ఆ వాదనలోనే కళ్లు తెరుచుకుంటాయి. పరిశోధన అంటే ఇదే: తోచినది చెప్పకుండా, లెక్కించి చెప్పడం.

రెండవ మెట్టు: అడగటం

తరువాత పత్రిక ఎవరికోసమో వారినే అడగాలి. స్నేహితురాళ్లను మాత్రమే అడిగితే మన మాటే మనకు తిరిగి వినిపిస్తుంది. రెండు తరగతులను ఎంచుకొని, అందులో ఉన్న ప్రతి ఒక్కరినీ అడగటం మేలు. మగపిల్లలనూ అడగాలి, చొక్కా, జుట్టు కత్తిరింపు వారికీ పెద్ద సంగతులే. వారపు సంతలో తల్లులను కూడా అడగాలి. బట్టకు డబ్బు తీసేది వారి కొంగుముడే గదా.

ప్రశ్నలు పది దాటకూడదు. జవాబును ప్రశ్నలోనే పెట్టకూడదు. "మన పాత కట్టు బాగుంటుంది కదా?" అని అడిగితే ఎవరైనా "బాగుంటుంది" అనే అంటారు. దాని బదులు, "నీవు చివరిగా కొన్న బట్ట ఏది? ఎవరు ఎంచారు? ఎంత అయింది? ఎన్నిసార్లు కట్టావు?" అని అడగాలి. ఇష్టాలు అడిగితే గొప్పలు చెబుతారు. చేసినది అడిగితే నిజం చెబుతారు. మనసుకు తగిలే ప్రశ్నలు, "నీ రంగును గురించి ఎవరైనా నొప్పించారా?" వంటివి, పేరు లేని చీటీ మీద వ్రాయించి డబ్బాలో వేయించాలి. జవాబు ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు. ముందుగా అయిదుగురిని అడిగి చూసి, అర్థం కాని ప్రశ్నను మార్చుకోవాలి.

చీటీలన్నీ తెరిచాక పిల్లలే వాటిని కుప్పలుగా విడదీయాలి. ఎక్కువ మంది అడిగినదే మొదటి పేజీ అవుతుంది. పెద్దలకు నచ్చిన విషయం చివరి కుప్పలో ఉంటే, అక్కడే ఉండనివ్వండి.

మూడవ మెట్టు: ఏమి వేయాలి?

ఏమి అడుగుతారో పిల్లలే తేల్చుతారు. అయితే ఈ కొండల్లో తప్పక దొరికే సరుకు కొంత మాకు కనిపించింది.

బట్ట పేజీ. గదబ స్త్రీలు కెరంగ్ అనే అడవి మొక్క నారతో, నూలుతో చారల బట్ట నేసుకునేవారు. నేల మీద కాళ్లు చాపి కూర్చొని, చిన్న మగ్గాన్ని నడుముకు తగిలించుకొని నేసేవారు. ఆ నేత ఇప్పుడు చాలా అరుదైపోయింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి ఏడు సంపుటాలలో దక్షిణ భారత కులాలను, తెగలను గురించి వ్రాసినప్పుడు గదబ స్త్రీల ఆ బట్టను, భుజాలను తాకే చెవి తీగలను వర్ణించారు. చూసినవారు వ్రాశారు. కట్టుకున్నవారు వ్రాసుకోలేదు. నూరేళ్లు దాటిన తరువాత ఆ పని ఈ పిల్లలు చేయవచ్చు. అరకులోని గిరిజన మ్యూజియంలో వస్తువులు చూసి రావచ్చు. ఊళ్లో ముసలమ్మను అడిగి, ఆ చార ఎందుకు, ఆ కడియం ఎప్పుడు, నారకు రంగు ఎలా అని ఆమె మాటల్లోనే వ్రాయవచ్చు, ఆమె పేరుతో, ఆమె ఒప్పుకుంటే. పాతదాన్నే కట్టుకోమని ఎవరినీ ఒత్తిడి చేయడం దీని ఉద్దేశం కాదు. ఏది కట్టుకున్నా తెలిసి కట్టుకోవాలి.

లెక్కల పేజీ. సంతలో అమ్మే రెడీమేడ్ చుడీదారుకు ఎంత? గుడ్డ కొని దర్జీ చేత కుట్టిస్తే ఎంత? ఏది ఎన్ని ఉతుకులు తట్టుకున్నది? తల్లి పసుపు అమ్మినా, మిరియాలు అమ్మినా, కాఫీ పండ్లు ఏరినా వచ్చే కూలితో పోల్చి, ఒక డ్రెస్సు ఎన్ని రోజుల పని అవుతుందో లెక్క వేయమనండి. ఆ ఒక్క లెక్క నేర్పే పాఠం మన పది ప్రసంగాలు నేర్పలేవు.

కుట్టు పేజీ. చినిగిన యూనిఫారం అతుకు కనబడకుండా కుట్టడం, అక్క పరికిణీని చెల్లికి సరిచేయడం, అమ్మ పాత చీరతో లంగా కుట్టడం.

ఆరోగ్యం పేజీ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 15 నుండి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. కళ తప్పిన ముఖానికి క్రీము కంటే చోడి అంబలి, ఆకుకూర, బడిలో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర ఎక్కువ మేలు చేస్తాయి. కొన్ని తెల్లబరచే లేపనాలలో స్టిరాయిడ్ మందులు కలిసి ఉంటాయి. అవి చర్మాన్ని పలచబరచి పాడుచేస్తాయి. అటువంటి లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. ఈ సంగతి సంతలో ఎవరూ చెప్పరు. పిల్లల పత్రిక చెప్పాలి.

నాలుగవ మెట్టు: ఏ భాషలో?

బడి భాష తెలుగు. ఇంటి భాష ఆదివాసీ ఒడియా కావచ్చు, కువి కావచ్చు, కొండ భాష కావచ్చు, గదబ కావచ్చు. బట్టల పేర్లు, నగల పేర్లు, నారకు వేసే రంగుల పేర్లు ఇంటి భాషలోనే బ్రతికి ఉంటాయి. వాటిని తెలుగు లిపిలో ఉన్నది ఉన్నట్లు వ్రాయాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకొని, వారికి బడులు పెట్టించి, 1938లో సవర నిఘంటువు వెలువరించారు. మన రాష్ట్రంలో 2004లో సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒడియా మొదలైన ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక తరగతులకు పాఠాలు ప్రారంభించారు. కాబట్టి "ఇది వ్రాత భాష కాదు" అనే మాటకు ఇక చోటు లేదు. చివరి పేజీలో ఇంటి మాటల పట్టిక ఒకటి పెట్టండి. దానికోసమే నాన్నమ్మలు పత్రికను అడిగి మరీ చదివించుకుంటారు.

అయిదవ మెట్టు: బొమ్మలు

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉన్నది. పత్రికను జిరాక్సు తీయిస్తే నల్లని ముఖాలు మసిబొగ్గులాగా వస్తాయి. కన్నూ ముక్కూ కనబడవు. పిల్లలు మళ్లీ తమ రంగునే తప్పుపట్టుకుంటారు. తప్పు రంగుది కాదు, యంత్రానిది. కొడాక్ కంపెనీ ఫొటోల రంగు సరిచూసుకోవడానికి స్టూడియోలకు పంపిన నమూనా కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆమె ముఖం బాగా వస్తే ఫొటో బాగున్నట్లు లెక్క. యంత్రాన్ని ఎవరి ముఖానికి సరిచేశారో వారి ముఖమే బాగా వచ్చింది.

దీనికి ఉపాయాలు ఉన్నాయి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కాక, పొద్దున మంచు తెర ఉన్నప్పుడు ఫొటో తీయండి. అరకు పొగమంచు వెలుతురును మెత్తగా పరుస్తుంది. ముఖాన్ని వెలుతురు వైపు తిప్పండి. వెనుక సున్నం గోడ బదులు మట్టి గోడో, చెట్టో ఉంటే కెమెరా ముఖాన్ని చీకటి చేయదు. జిరాక్సు కోసమైతే ఫొటో బదులు గీతల బొమ్మ వేయించండి. ప్రతి బడిలో బొమ్మలు వేసే పిల్ల ఒకరు ఉంటారు.

కొన్ని నియమాలు మాత్రం తప్పకూడదు. ముఖాన్ని తెల్లబరచకూడదు. బొమ్మ కింద పేరు ఉండాలి. బొమ్మలో ఉన్నవారిని, చిన్నవారైతే వారి తల్లిదండ్రులను, అడగకుండా వేయకూడదు. పిల్లల ఫొటోలను ఫోనుల్లో పంచి పెట్టకూడదు. పత్రిక కాగితం మీదనే ఉండాలి.

ఆరవ మెట్టు: తయారీ, ఖర్చు

ఒక ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి పెడితే పదహారు పేజీలు. మొదటి సంచికకు ఇది చాలు. ముందు ఖాళీ కాగితాలను మడిచి, ఏ పేజీలో ఏమి వస్తుందో పెన్సిలుతో వ్రాసుకోవాలి. ఇలా చేయకపోతే జిరాక్సులో పేజీలు తారుమారవుతాయి. మా చేతులతో ఒకసారి అలా పాడుచేశాము కాబట్టి చెబుతున్నాము. నాలుగో పేజీ పదమూడో పేజీ పక్కన పడుతుందని మాకు అప్పుడే తెలిసింది!

పనులు పంచండి. ప్రశ్నలు అడిగేవారు, వ్రాసేవారు, బొమ్మలు వేసేవారు, తప్పులు దిద్దేవారు, డబ్బు లెక్క చూసేవారు. సంపాదకురాలు ప్రతి సంచికకు మారాలి. ఉపాధ్యాయులు తప్పు చూపాలి గాని చేత్తో దిద్దకూడదు. ఖర్చు కాగితానికి, జిరాక్సుకు, దారానికి మాత్రమే. ఆ లెక్కను ఆఖరి పేజీలో అచ్చు వేయండి. పిల్లలు ఇప్పుడు ప్రతి పత్రికనూ అడుగుతున్న ప్రశ్నకు తమ పత్రికా జవాబు చెప్పాలి గదా. తరువాత ఎప్పుడైనా క్రమంగా అచ్చువేసి బయట అమ్మదలిస్తే, 2024 మార్చి నుండి అమలులో ఉన్న పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం 2023 ప్రకారం నమోదు చేయించుకోవాలి. బడిలో చేతివ్రాత సంచికతో మొదలుపెట్టడమే మంచిది.

పంచిన వారం తరువాత మళ్లీ అడగాలి: ఏ పేజీ రెండుసార్లు చదివారు? ఏది దాటవేశారు? ఎవరికి చదివి వినిపించారు? ఈ జవాబులే రెండవ సంచికకు పునాది.

తల్లిదండ్రులకు ఒక మాట

చదివేవారు తమ బ్రతుకును కాగితం మీద చూసుకున్నప్పుడు ఏమి జరుగుతుందో మన రాష్ట్రమే చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం తరగతులకు వచ్చిన స్త్రీలు వాచకంలో తమ కథలాంటి కథే చదివి, సారా అంగడిని మూయించారు. అక్కడ పుట్టిన కదలిక రాష్ట్రమంతా పాకింది. పాఠం చిన్నదే. అది వారి గురించి వ్రాసినది.

మీ అమ్మాయి బట్టల సంగతి మాట్లాడితే వెంటనే మందలించకండి. "ఎందుకు నచ్చింది?" అని అడగండి. ఆమె ఒక ప్రశ్నల కాగితంతో మీ దగ్గరకు వస్తే, పొలం పని కాసేపు ఆపి జవాబు చెప్పండి. "నల్లపిల్ల" అని ముద్దుకైనా పిలవకండి. ముద్దు మాటే ముల్లయి దిగుతుంది. సంబంధాలు చూసేటప్పుడు, సంఘంలో ఆడపిల్లను పరిచయం చేసేటప్పుడు మన నోట మొదట రంగు మాట వస్తున్నదా అని ఎవరికి వారు పరీక్షించుకుందాము. పత్రికలవారిని తప్పుపట్టే ముందు మన గుమ్మం శుభ్రం చేసుకోవడం న్యాయం.

ఆ రాత్రి మేము బయలుదేరే ముందు, పిల్లలు ఒక నోటు కాగితం మీద మొదటి సంచికకు ప్రశ్నలు వ్రాయడం మొదలుపెట్టారు. తల వంచుకున్న పిల్లే వ్రాస్తున్నది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ఆమె చేతికి పెన్ను ఇచ్చారు. ఎవరిని ముందు అడగాలి అని వాదన వచ్చింది. ఆ తండ్రి ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల లేచి, కాగితం పట్టుకొని ఆయన దగ్గరకే వెళ్లింది.

"బాబాయ్, నీవు చివరిసారి కొన్న చొక్కా ఎప్పుడు కొన్నావు? ఎవరు ఎంచారు?"

ఆయన తన చొక్కా వంక చూసుకున్నాడు. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మాయే ఎంచింది. పోయిన ఏడాది సంతలో. నాకు నీలం రంగు బాగుంటుందన్నది" అన్నాడు.

"బాగున్నదా?"

"బాగున్నది" అని ఆయన నవ్వాడు. ఆ పిల్ల ఆ మాటను కాగితం మీద వ్రాసుకున్నది. అది ఆ పత్రికకు అందిన మొదటి జవాబు.